పిన్ని వదిలేసిన ‘అండీ’

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో మా ఆటో ఆగిపోయింది. అక్కడ ఆగిందంటే ఇక మనం చెయ్యగలిగేది ఏమీ ఉండదు, చుట్టూ చూస్తూ కూర్చోవడమే. ఎదురుగా మేడ మీద ఏదో టీవీ సీరియల్ హోర్డింగు పెట్టారు. అందులో ఓ పడుచుపిల్ల ఏడుస్తోంది. ఏడవడమంటే మామూలుగా కాదు, చెంపకో కన్నీటిబొట్టు, బొట్టు ఒక్కోటీ గుమ్మడికాయంత. కింద రోడ్డు మీద వెళ్లేవాళ్లకీ, పైన వంతెన మీద వెళ్లేవాళ్లకీ, బస్సుల్లో కునికిపాట్లు పడేవాళ్లకీ కూడా ఆ పిల్ల కష్టాల్లో ఉందని తెలిసిపోవాలని కాబోలు. నాకు నవ్వు ఆగలేదు. ఆటో అతను అద్దంలోంచి చూశాడు. “ఏంటమ్మా, నవ్వుతున్నారు?” అన్నాడు. “ఏం లేదు బాబూ, మా పిన్ని గుర్తొచ్చింది” అన్నాను. “ఆవిడగారు బాగా ఏడుస్తారాండీ?” అని అడిగాడు పాపం. “అసలు ఏడవదు. అదే గొడవ” అన్నాను. ఏమర్థమైందో ఏమో, దిగేదాకా మళ్లీ పలకరించలేదు.

మా పిన్ని అంటే మా అమ్మకి సొంత చెల్లెలు. మిషన్ ఆస్పత్రిలో ముప్పై ఆరేళ్లు నర్సుగా చేసింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకి “టైం కుదరలేదు” అని చెప్పేది, అదేదో షాపింగుకు వెళ్లడం కుదరనట్టు. రిటైరయ్యాక గుణదలలో మా ఫ్లాటుకే వచ్చేసింది. ఇప్పటికీ ఆ వీధిలో పాలవాడి నుంచి పాస్టరుగారి దాకా అందరూ “సిస్టర్‌గారూ” అనే పిలుస్తారు. కానీ మా చుట్టాల్లో ఆవిడకి ఇంకో పేరుంది. రాయి. ఎవరి మరణానికి వెళ్లినా ఒక్క చుక్క రాల్చదు. పాస్టరుగారు పునరుత్థానం గురించి, నిరీక్షణ గురించి ఎంత చెప్పినా మా వైపు ఆడవాళ్లు శవపెట్టె కదిలేటప్పుడు గుండెలు బాదుకోకుండా ఉండరు. ఈవిడ మటుకు వెనక నిలబడి ఎవరికి బీపీ పెరుగుతోందో చూస్తుంది, మంచినీళ్లు అందిస్తుంది, కుర్చీలు వేయిస్తుంది. వెనక్కి తిరగ్గానే మొదలు, “ఎంత గుండె రాయైతే మాత్రం, ఓ బొట్టయినా రాలదా అమ్మా!” అని. ఆవిడకి వినపడదనుకుంటారు. అన్నీ వినపడతాయి.

మా అమ్మ దీనికి పూర్తిగా ఎదురు. ఎనభై ఏళ్ల మనిషి, సీరియల్‌కి ఏడుస్తుంది, సబ్బు ప్రకటనలో తల్లీకూతుళ్లు కౌగిలించుకుంటే ఏడుస్తుంది, మనకి సంబంధం లేని పెళ్లి వీడియోలో అప్పగింతలు చూసి ముక్కు చీదుకుంటుంది. సీరియల్ టైముకి మా ఇంటికి ఎవరైనా కొత్తవాళ్లు వస్తే ఇంట్లో ఏదో జరగరానిది జరిగిందనుకుని గుమ్మంలోనే చెప్పులు విడవకుండా ఆగిపోతారు. ఈ అక్కాచెల్లెళ్ల మధ్య రిమోట్ పట్టుకుని నేను, ముప్పై ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. అరవై మంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టానుగానీ వీళ్లిద్దరి దగ్గర నా తలప్రాణం తోకకొచ్చేది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీ పిన్నిది. ఆవిడ చూసేవి ఒకటే రకం, పాతకాలపు ఇంగ్లీషు క్రైమ్ సినిమాలు. నలుపూ తెలుపూ. వాన కురిసి మెరుస్తున్న రోడ్లు, కళ్ల దాకా దించిన టోపీలు, కిటికీ చెక్కల నీడ మొహం మీద చారలుగా పడి కూర్చున్న ఆడవాళ్లు. ఆ పిచ్చి ఆవిడకి నర్సుల హాస్టల్లో అంటుకుందట. ఆస్పత్రి పెద్ద డాక్టరమ్మ శనివారాలు హాస్టల్ గోడకి తెల్ల దుప్పటి కట్టించి వేయించేదట. తక్కిన పిల్లలు హత్య ఎవరు చేశారా అని చూస్తే ఈవిడ మొహాలు చూసేది. ఇప్పుడూ అంతే. కథ మనం అడిగినా చెప్పదు. సినిమా మధ్యలో ఉన్నట్టుండి “ఆపు, ఆపు, వెనక్కి తిప్పు” అంటుంది. చూస్తే ఏమీ ఉండదు. ఒకామె కుర్చీలో కూర్చుని చేతి తొడుగు తీసుకుంటోంది. ఎవడో వచ్చి ఆమె మొగుడు చచ్చిపోయాడని చెబుతాడు. ఆమె తొడుగు తీసుకోవడం ఆపదు, రెండో చేతిది కూడా తీసి ఒళ్లో పెట్టుకుంటుంది. అంతే. “చూశావా, మూడో వేలు దగ్గర ఆగింది. కొంచెం. ఆవిడకి ముందే తెలుసు” అంటుంది పిన్ని. నాకు కనపడేది కాదు. మూడుసార్లు తిప్పించి చూపించాక కనపడేది. ఒకసారి కనపడ్డాక ఇక మర్చిపోలేం.

“భయపడ్డవాడు వణుకుతాడనుకుంటారు అందరూ” అని చెప్పేది పిన్ని. “నేను ఇంజెక్షన్ ఇచ్చినన్నాళ్లూ చూశాగా. నిజంగా భయపడ్డవాడు బొమ్మలా కూర్చుంటాడు. వీళ్లెవరో గాని మనుషుల్ని బాగా చూసినవాళ్లమ్మా. కెమెరా దగ్గరికొచ్చిందంటే ఇంకా తగ్గిస్తారు. మనవాళ్లు దగ్గరికొస్తే ఇంకా పెంచుతారు.” ఆవిడ సినిమా పరిజ్ఞానమంతా ఇంతే. దర్శకుడెవరో తెలీదు, ఏ సంవత్సరమో తెలీదు. అయినా నేను చదివిన ఏ విమర్శా నాకు ఇంత నేర్పలేదు. ఈ మాట అంటే మా పాత స్టాఫ్‌రూమ్ వాళ్లు నొచ్చుకుంటారు, నొచ్చుకోనీ.

మా అమ్మకి మాత్రం ఈ సినిమాలంటే ఒళ్లుమంట. “ఏంటే ఆ మొహాలు, ఇస్త్రీ చేసినట్టు! మొగుడు పోయాడంటే కనీసం అయ్యో అనదేం? ఏడవదు, పెట్టదు, ఏడ్చినట్టుంది సినిమా!” అనేది. తెలుగు టీచర్ని కదా, నాకు పొట్ట చెక్కలయ్యేది. మన భాషలో ఏడవకపోయినా ఏడ్చినట్టే ఉంటుందన్నమాట. పిన్ని కూడా పెదవి కొసన నవ్వేది, అంతకుమించి ఖర్చుపెట్టేది కాదు.

రెండేళ్ల కిందట మా స్కూల్లో చదువుకున్న కుర్రాడొకడు, కుర్రాడంటే ఇప్పుడు ముప్పై దాటినవాడే, నన్ను వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు. వెబ్ సిరీస్ తీస్తున్నాడట, డైలాగుల్లో తెలుగు సరిచూసి పెట్టమన్నాడు. “ఇది న్వార్ అండీ టీచర్‌గారూ, పూర్తిగా న్వార్” అన్నాడు గర్వంగా. లోపల్నుంచి మా అమ్మ “నవారా? మంచాలల్లే నవారా? దాని మీద కూడా సినిమానా?” అంది. వాడు నోరు తెరిచాడు. పిన్ని కుర్చీలోంచి లేవకుండానే “కాదక్కా, నేను మధ్యాహ్నం చూసేవి. ఆ రకం” అంది. అప్పుడు చూశాడు వాడు ఆవిడ్ని. కిటికీలోంచి ఎండ చారలుగా పడుతోంది, ఆవిడ ఒళ్లో చేతులు పెట్టుకుని వాడికేసి చూస్తోంది. వాడు స్క్రిప్టు నా చేతిలో పెట్టి అటే చూస్తూ ఉండిపోయాడు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చి, హంతకుడి తల్లి వేషం సిస్టర్‌గారే వెయ్యాలని పట్టుబట్టాడు.

ఒప్పుకోదనుకున్నాను. ఒప్పుకుంది. ఆ సాయంత్రం గిన్నెలు తుడుస్తూ అడిగాను, ఎందుకొప్పుకున్నావని. “డెబ్భై రెండేళ్లు వచ్చాయి. నా మొహంలో ఏమీ లేదని చెప్పినవాళ్లే అందరూ. ఏముందో ఒక్కసారి చూపిస్తాను. నచ్చితే చూస్తారు, లేకపోతే లేదు” అంది. గొంతేమీ పెరగలేదు. అది వేషం మీద మోజు కాదు. డెబ్భై రెండేళ్లుగా ఓపిగ్గా విన్న మాటకి జవాబు.

ఆవిడ ఉన్నది ఒకే ఒక్క సీను. ఎస్సై ఇంటికొస్తాడు. తల్లి గోంగూర ఆకు గిల్లుతూ అరుగు మీద కూర్చుని ఉంటుంది. కొడుకు లోపలి గదిలో దాక్కుని ఉన్నాడు, అది ప్రేక్షకులకి తెలుసు, ఎస్సైకి తెలీదు. “మీ అబ్బాయి వచ్చాడా అమ్మా?” అని ఆ మాటా ఈ మాటా మధ్య నాలుగుసార్లు అడుగుతాడు. నాలుగుసార్లూ ఆమె “రాలేదు సార్” అంటుంది. నాలుగోసారి భోరుమని ఏడుస్తుంది, ఎస్సై లోపలికి ఉరుకుతాడు. అలా రాసుకున్నాడు మావాడు. నేను ఎర్ర పెన్ను తీసి ‘సార్’ కొట్టేసి నాలుగుచోట్లా ‘రాలేదండీ’ అని దిద్దాను. మన కృష్ణా జిల్లాలో ఆ వయసు ఆవిడ పోలీసుని సార్ అనదురా, అండీ అంటుందని చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ అండీలు నావి. ఈ సంగతి ఇప్పుడే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవడానికి మీకు వీలుగా ఉంటుంది.

షూటింగు మంగళగిరిలో ఓ నేతపనివాళ్ల పాత ఇంట్లో. చుట్టుపక్కల మగ్గాల చప్పుడు, ఆ చప్పుడు ఆగినప్పుడల్లా గబగబా షాట్ తీయడం. మేకప్ అమ్మాయి గ్లిజరిన్ సీసా పట్టుకుని వచ్చింది. “కళ్ల కింద రెండు చుక్కలు వేస్తానండీ, మంట పుట్టదు” అంది. పిన్ని ఆ సీసా అందుకుని, లేబుల్ చదివి, మూత బిగించి తిరిగి ఇచ్చేసింది. “ముప్పై ఆరేళ్లు ఇంకోళ్ల కళ్లల్లో చుక్కలు వేసినదాన్నమ్మా. నా కళ్లల్లో ఏం వెయ్యాలో, వెయ్యకూడదో నాకు తెలుసు” అంది. మావాడు పరుగెత్తుకొచ్చాడు. “సిస్టర్‌గారూ, ఏడవకపోతే ఎలాగండీ? ఎస్సైకి తెలియాలి కదా కొడుకు లోపలున్నాడని!”

“తెలుస్తుంది.”

“ఎట్లా తెలుస్తుందండీ?”

“నాలుగోసారి ఏడిస్తే కొడుకుని నేనే పట్టి ఇచ్చినట్టు నాయనా. తల్లి ఏడవదు, దాస్తుంది. దాచలేకపోతుంది చూడూ, అది చూపిస్తాను. కెమెరా పెట్టుకో.”

పెట్టుకున్నాడు, ఏం చేస్తాడు. మగ్గాలు ఆగాయి. ఎస్సై వేషం వేసినతను మొదటిసారి అడిగాడు. “రాలేదండీ” అంది, మర్యాదగా, ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్లిచ్చినట్టు. రెండోసారి, “రాలేదండీ”. మూడోసారి ఓ ఆకు తీసి, అది పుచ్చుదని పక్కన పడేసి, “రాలేదండీ”. నాలుగోసారి అతను అడగ్గానే ఆవిడ చెయ్యి కట్ట మీదే ఉంది, తల ఎత్తింది, సూటిగా అతని మొహంలోకి చూసింది. “రాలేదు” అంది. నోరు మూసుకుంది. మావాడు కట్ చెప్పి, “అబ్బా, బాగుందండీ, కానీ అండీ మర్చిపోయారు, ఇంకోటి చేద్దాం” అన్నాడు. నేను స్క్రిప్టు చేతిలో పట్టుకుని కూర్చున్నానుగా, ఊరుకోవచ్చుగా! “అవును పిన్నీ, చివర్లో అండీ పడలేదు” అన్నాను, డిక్టేషన్‌లో తప్పు పట్టినట్టు. పిన్ని నావైపు తిరిగింది. “పడలేదు. పడనివ్వలేదు. మూడుసార్లు ఆవిడకి మర్యాద గుర్తుంది. నాలుగోసారి కొడుకు తప్ప ఇంకేం గుర్తులేదు” అంది. నేను దిద్దింది నాలుగు మాటలు, ఆవిడ కొట్టేసింది ఒక్కటి. ఆ ఒక్కటీ కొట్టేయడంతో నా మూడూ ఎందుకున్నాయో తెలిసింది. నాకు సిగ్గేసింది. మావాడు మాత్రం మగ్గాలు మళ్లీ మొదలయ్యాయని, వెలుగు తగ్గుతోందని, సరే కానివ్వండన్నాడు.

నెల తర్వాత మొగల్రాజపురంలో ఓ సందులోని రికార్డింగు గదికి పిలిచాడు, ఒకసారి చూసుకోండని. ఏసీ గది, గోడలకి స్పాంజీ, మూడు కుర్చీలు. సీను వేశారు. మొదటి ముక్కలోనే నా చెయ్యి పిన్ని చేతి మీదకి పోయింది. ఆ మొహాన్ని నేను రోజూ చూస్తూనే ఉన్నానుగానీ, అది అంత పెద్దగా, నలుపూ తెలుపుల్లో, వేరేవాళ్ల ఇంట్లో, నేనెప్పుడూ చూళ్లేదు. నాలుగో ప్రశ్న వచ్చింది. తల ఎత్తింది. చూసింది. “రాలేదండీ” అంది.

అండీ! ఎక్కడ్నుంచి వచ్చిందది? పిన్ని కుర్చీలో ముందుకి వంగింది. “మళ్లీ వెయ్యండి” అంది. మళ్లీ వేశారు. ‘రాలేదు’ దగ్గర తెర మీద పెదాలు మూతపడ్డాయి. ఆ మూసిన నోట్లోంచి శుభ్రంగా అండీ వినపడింది. “నోరు మూసుకున్నాక అండీ ఎట్టా వచ్చింది నాయనా? పొట్టలోంచా?” అని అడిగింది. మావాడు తల గోక్కున్నాడు. రెండోసారి చెప్పిన మాటలోంచి అండీ కోసి ఇక్కడ అతికించారట. పెట్టుబడి పెట్టినాయన చూసి, పెద్దావిడ పోలీసాఫీసరుని పట్టుకుని మర్యాద లేకుండా మాట్లాడిందేంటి, మన వైపు వాళ్లు తప్పుపడతారు అన్నాడట. చూశారా, ఎక్కడైనా జరుగుతుందా ఇది? ఇంకో ఊళ్లో అయితే ఆ మాట ఉందో లేదో కూడా ఎవరూ చూడరు. మనవాళ్లకి చచ్చేదగ్గర కూడా అండీ ఉండాలి. మర్యాద తగ్గిందని బాధపడి మనిషినే తీసేశారు.

“అది తీసెయ్యండి” అంది పిన్ని.

“సిస్టర్‌గారూ, అర సెకను కూడా ఉండదండీ అది. ఎవరూ గమనించరు.”

“గమనించరంటే పెట్టడమెందుకు? తీసెయ్యండి. లేదంటే నా మొహం తీసెయ్యండి. మీ ఇష్టం.” వెనక్కి వాలి, హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని, చేతులు దాని మీద పెట్టుకుని కూర్చుంది. డ్యూటీ రూములో డాక్టరు కోసం కూర్చున్నట్టు కూర్చుంది. ఎంతసేపైనా కూర్చుంటుందని నాకు తెలుసు, మావాడికి తెలీదు. వాడు బతిమాలాడు, కాఫీ తెప్పించాడు, వచ్చే వారమే విడుదలన్నాడు. ఆవిడ కాఫీ తాగింది, కప్పు కింద పెట్టింది, మళ్లీ చేతులు బ్యాగు మీద పెట్టుకుంది. నాకు మటుకు ఆగలేదు. “ఒరే, ఆ అండీ రాసింది నేను. తప్పు చేశాను. అండీ అంటే గౌరవం అని పాతికమంది స్కూలు ఇన్‌స్పెక్టర్ల ముందు పాఠం చెప్పాను, అది నోట్లోంచి జారిపోవడమంటే ఏంటో నాకు తెలీలేదు. నా విద్యార్థివి నువ్వు కూడా అదే తప్పు చేస్తే నేను నీకేం నేర్పినట్టు?” అన్నాను. గొంతు పెద్దదైంది. స్పాంజీ గోడలు కాబట్టి బయటికి పోలేదు.

అప్పటిదాకా మాకు వీపు తిప్పి మీటలు జరుపుకుంటున్న సౌండ్ ఇంజనీరు కుర్చీ ఇటు తిప్పాడు. ఉయ్యూరు వైపు మనిషి, నలభై ఏళ్లుంటాయి. “సార్, నేనొక మాట చెప్పొచ్చాండీ? మా ఇంట్లో మా ఆవిడ నాతో అండీ లేకుండా మాట్లాడిందంటే ఆ పూట నేను నోరెత్తనండీ. అరిస్తే పర్లేదండీ. అండీ మానేస్తేనే భయం” అన్నాడు. ఇద్దరు ఆడవాళ్లం చెప్పింది ఎక్కలేదుగానీ ఇది మావాడి బుర్రకెక్కింది, వాడికీ కొత్తగా పెళ్లైంది. ఇంజనీరు అడక్కుండానే ఆ ముక్క తీసి సీను వేశాడు. “రాలేదు.” తర్వాత ఏమీ లేదు, గదిలో ఏసీ చప్పుడు తప్ప. ఎస్సై మొహం మారడం అప్పుడు కనపడింది మాకు. అంతకుముందు ఆ వేషం వేసినతను ఏమీ చెయ్యలేదనుకున్నాం, చేశాడు పాపం, అండీ కింద నలిగిపోయింది. మావాడు రెండుసార్లు చూశాడు. ఫోన్ తీసుకుని బయటికి వెళ్లాడు. సందులో అటూ ఇటూ తిరుగుతూ చాలాసేపు మాట్లాడాడు. లోపలికొచ్చి, “తీసేశాం అండీ. ఇంకెవరన్నా అడిగితే నేను చెప్పుకుంటాను” అన్నాడు. పిన్ని లేచి, వాడి భుజం తట్టి, “వస్తాను” అంది. అదే ఆవిడ థాంక్స్.

విడుదలైంది. మేం ఆదివారం ఆరాధనయ్యాక గుడి నుంచి వచ్చి, అన్నాలు తిని, ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. చుట్టాలు ముందే చూసేసి వాట్సాప్‌లో పెట్టేశారు, ‘అక్కయ్యగారు ఇంకొంచెం ఎక్స్‌ప్రెషన్ ఇస్తే బావుండేది’ అని ఒకరు, ‘నేచురల్‌గా ఉంది, ఎప్పుడూ అలాగే ఉంటారుగా’ అని ఇంకొకరు. పిన్ని అవన్నీ చదివి ఫోన్ బోర్లా పెట్టేసింది. “నేను చూపించాను. కళ్లు వాళ్లవి, చూడ్డం వాళ్ల పని” అంది. మా అమ్మ మొదట్నుంచీ సణుగుడే. రంగులెందుకు లేవు, ఆ చీరేంటి, గోంగూర అట్టాగా గిల్లేది అని. సీను వచ్చింది. ఒకటో అండీ, రెండోది, మూడోది. “ఏడవ్వే, ఇప్పుడన్నా ఏడువు” అంటోంది మా అమ్మ తెర మీది చెల్లెలితో. నాలుగోసారి పిన్ని తల ఎత్తింది. “రాలేదు.”

“దొరికిపోయింది” అంది మా అమ్మ.

నేను ఉలిక్కిపడ్డాను. “నీకెట్టా తెలిసిందమ్మా? ఏడవలేదుగా?”

“అండీ అనలేదుగా” అంది మా అమ్మ, అదేదో అందరికీ తెలిసిన సంగతైనట్టు. తర్వాత టీవీకేసి చూడ్డం మానేసి చెల్లెలికేసి తిరిగింది. “నువ్వెప్పుడూ ఇంతే. మీ బావగారు ఆస్పత్రిలో ఉన్నప్పుడూ ఇంతేగా చేశావు. పొద్దున రెండుసార్లు వార్డులోంచి బయటికొచ్చి ‘బాగానే ఉన్నారక్కా’ అన్నావు. సాయంత్రం రిపోర్టు చూసుకుని వచ్చి ‘బాగానే ఉన్నారు’ అన్నావు. అక్కా అనలేదు. అప్పుడే తెలిసింది నాకు.”

టీవీలో ఏదో నడుస్తోంది, ఎవరం చూడటం లేదు. పిన్ని కదలకుండా కూర్చుంది. ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. “తెలిసీ మూడు రోజులు బావగారి పక్కన కూర్చుని కబుర్లు చెప్పావా?”

“ఆయనకి నువ్వు చెప్పలేదు. నాకూ చెప్పలేదు. నువ్వు అంత కష్టపడి దాస్తుంటే నేను బయటపడి ఏం చెయ్యను?”

“మరి ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదక్కా?”

“బాగా దాచాననుకుంటున్నావుగా. ఎట్టా చెప్పనే?” అంది మా అమ్మ. ఆ తర్వాత భోరుమని ఏడ్చింది. పిన్ని ఏడవలేదు. లేచి వెళ్లి అక్క పక్కన సోఫాలో, మధ్యలో జాగా లేకుండా కూర్చుంది.

మా నాన్న రిపోర్టు వచ్చిన ఆ సాయంత్రం ఆస్పత్రి వరండాలో నేనూ ఉన్నాను. కాఫీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చాను. అమ్మ ఫ్లాస్కు అందుకుని, “చక్కెర వేయించావా?” అని అడిగింది. వేయించానన్నాను. మూత తిప్పి, ఓ కప్పు పోసి, ఊదుకుంటూ నాన్న మంచం దగ్గరికి తీసుకెళ్లింది. ఈసారి మామిడిపళ్లు నూజివీడు నుంచి తెప్పిద్దామని ఆయనతో అనడం నా చెవులారా విన్నాను. మూడోరోజు ఆయన పోయినప్పుడు ఆస్పత్రంతా వినపడేలా ఏడ్చింది, అప్పుడే తెలిసింది పాపం అనుకున్నాను. ఇంట్లో నటన రానిది మా అమ్మ ఒక్కతేనని ఇన్నాళ్లూ నవ్వుకున్నదాన్ని నేనే. ఆ వరండాలో ‘అక్కా’ అనే చిన్న పిలుపు ఆగినంతసేపట్లో మా అమ్మకి తెలిసిపోయిన సంగతి, ఆ పక్కనే నిలబడ్డ నాకు తెలియడానికి ముప్పై ఏళ్లు పట్టింది.